మాటలతో పాటు రాగము కూడా మిగలాలి



మీ ఇంట ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఒకసారి తెరచి చూడండి. పాటకు పైన సంఖ్య ఉంటుంది. మన పాత కీర్తనలకైతే దాని ప్రక్కన రాగము పేరు, తాళము పేరు కూడా ఉంటాయి. క్రింద పల్లవి, చరణములు వరుసగా ఉంటాయి. మన ఇండ్లలో ఉండే మామూలు ప్రతిలో లేనిది ఒక్కటే. ఆ పాటను ఎట్లు పాడవలెనో తెలిపే స్వరములు అందులో లేవు.

ఇదేమంత పెద్ద లోటని కొందరు అనవచ్చును. పాట అందరికీ వచ్చినదే గదా, స్వరములు ఎందుకని అడుగవచ్చును. అట్టివారు బైబిలులో 22వ కీర్తన తలకట్టును చూడవలెను. ఆ కీర్తనను ఏ రాగముమీద పాడవలెనో అక్కడ వ్రాసి ఉన్నది. ఆ హెబ్రీ పేరునకు 'వేకువ లేడి' అని అర్థము. 57, 58, 59 కీర్తనలకు వేరొక పేరు ఉన్నది, దానికి 'నాశనము చేయకుము' అని అర్థము. ఆ దినములలో ఆ పేరు చెప్పగానే పాడువారందరికీ రాగము నోటికి వచ్చి ఉంటుంది. అందుకే పేరు వ్రాస్తే చాలుననుకొన్నారు. నేడు మాటలు మన చేతిలో ఉన్నవి, రాగము పేరు కూడా ఉన్నది. ఆ రాగము ఎట్లుండెనో చెప్పగలవారు లోకములో ఒక్కరును లేరు.

మన కీర్తనల పుస్తకములో ఉన్నదీ ఇటువంటి తలకట్టే. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన పాటలు ఇప్పటికీ మనము పాడుచున్నామంటే తల్లి నోటినుండి బిడ్డకు, సండేస్కూలు టీచరు నోటినుండి పిల్లలకు రాగము అందుచు వచ్చినందుననే. ఈ అందింపు ఇప్పుడు సన్నబడుచున్నది. పల్లె సంఘములలో ఆ పాత రాగములు పూర్తిగా వచ్చినవారు ఎవరని అడిగితే డెబ్బది, ఎనుబది యేండ్లు దాటిన ఒక మామ్మగారినో, పదవీ విరమణ చేసిన బైబిలు ఉమన్ గారినో చూపుదురు. యౌవనస్థులకు పల్లవి వచ్చును, మూడవ చరణములో రాగము ఎక్కడ మలుపు తిరుగునో రాదు. కీబోర్డు వాయించే అబ్బాయి ఫోనులో విన్న పద్ధతిని పట్టుకొనును. అది చెడ్డదని మేము అనము గాని, మామ్మగారు పాడేది అది కాదు. ఆమెతోనే అది పోవుట మంచిది కాదు.

స్వరములను కాగితముమీద పెట్టుట కొత్త సంగతి కాదు. సుమారు వెయ్యి యేండ్ల క్రిందట ఇటలీలో గైడో అను సన్యాసి, పాడే పిల్లలు ఒక్కొక్క పాటనూ విని విని నేర్చుకొనుటకు పడే కష్టము చూచి, గీతలమీద స్వరములను గుర్తించే పద్ధతిని స్థిరపరచెను. ఇంగ్లండులో జాన్ కర్వెన్ అను పాస్టరుగారిని 1841లో సండేస్కూలు ఉపాధ్యాయులు పిల్లలకు పాట నేర్పే సులువైన దారి చూపుమని కోరిరి. సారా గ్లోవర్ అను ఉపాధ్యాయురాలు కనుగొనిన పద్ధతిని ఆయన తీసుకొని, అక్షరములతోనే స్వరములు వ్రాసే టానిక్ సోల్ఫాను వ్యాపింపజేసెను. మన దేశములో మిజోరాం సంఘములు ఆ సోల్ఫా అక్షరములతోనే పాటల పుస్తకములు అచ్చు వేసికొని నాలుగు గొంతులలో పాడుచున్నవి.

మన భాషకు దగ్గరి సంగతి కూడా ఒకటి ఉన్నది. 1890వ దశకములో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు అను ఒక క్రైస్తవుడు త్యాగరాజుగారి తెలుగు కృతులను పాడేవారి నోట విని, పాశ్చాత్యుల అయిదు గీతల స్టాఫ్‌లో అచ్చు వేయించెను. సుబ్బరామ దీక్షితులుగారిని కూడా తమకు తెలిసిన కృతులు గ్రంథముగా వ్రాయుమని ప్రోత్సహించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ గ్రంథమే 1904లో ఎట్టయపురములో తెలుగు లిపిలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. గమకములకు ప్రత్యేక గుర్తులు పెట్టి వ్రాసిన గ్రంథమది. పాటను కాపాడుటకు పాడేవారు ఒకరు, వ్రాసేవారు ఒకరు కావలెనని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఆ దినములలో వ్రాసేవారికి ఏండ్ల తరబడి శ్రమ, అచ్చునకు బోలెడు డబ్బు కావలసి వచ్చెను. ఇప్పుడు ఒక మామూలు కంప్యూటరు ఉంటే చాలును. స్వరములు వ్రాసే సాఫ్ట్‌వేర్లు అనేకము ఉన్నవి. వాటిలో మ్యూజ్‌స్కోర్ అనునది ఉచితము. జర్మనీకి చెందిన వెర్నర్ ష్వేర్ 2002లో దీనిని ఆరంభించెను, 2011లో మొదటి పూర్తి రూపము వెలువడెను. లైసెన్సు రుసుము లేదు గనుక పల్లె సంఘమునకు కూడా ఇది అందుబాటులో ఉన్నది. మీ సంఘములో డిగ్రీ చదివే పిల్లవాడో పిల్లో లాప్‌టాప్‌తో సెలవులకు వచ్చినప్పుడు ఈ పని మొదలు పెట్టవచ్చును.

కంప్యూటరుకు ముందు

మొదట పాడేవారి యొద్దకు వెళ్లవలెను. మామ్మగారు తీరికగా ఉన్న వేళ, ఇంటి వసారాలో ఆమె యెదుట కూర్చుండి, పాట మొదటినుండి చివరివరకు ఫోనులో రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి. కీబోర్డు, డోలక్ వద్దు. ఆమెకు అలవాటైన శ్రుతిలోనే పాడనివ్వండి. అన్ని చరణములు పాడించండి. చరణము చరణమునకు రాగములో చిన్న మార్పులు ఉంటాయి, అవే తరువాత దొరకవు.

అప్పుడు మూడు సంగతులు తేల్చుకొనవలెను. మొదటిది షడ్జము ఎక్కడ అనేది. హార్మోనియం వాయించేవారు ఒకటి శ్రుతి అనునది కంప్యూటరులో సి, నాలుగు శ్రుతి ఎఫ్, అయిదు శ్రుతి జి. మామ్మగారు అయిదున్నరలో పాడినను మీరు ఒకటి శ్రుతిలో వ్రాసికొనవచ్చును. అప్పుడు స రి గ మ ప ద ని అనునవి వరుసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అవును. వ్రాసిన తరువాత ట్రాన్స్‌పోజ్ అను ఆజ్ఞతో పాట మొత్తమును ఏ శ్రుతికైనను మార్చవచ్చును.

రెండవది తాళము. ఆది తాళమైతే నాలుగు నాలుగు అని, రూపకమైతే మూడు నాలుగు అని మొదట పెట్టవలెను. ఆది తాళము ఒక ఆవర్తనమునకు ఎనిమిది అక్షరములు గనుక అది రెండు గడులలో పూర్తియగును. మిశ్రచాపును ఏడు ఎనిమిది అని పెట్టి మూడు, నాలుగుగా లెక్కించవలెను. ఖండచాపుకు అయిదు ఎనిమిది. పుస్తకములో తాళము పేరు ఉన్నది గదా అని దానినే నమ్మక, చేతితో తాళము వేసి పాటతో కలియునో లేదో చూచికొనండి.

మూడవది ఎత్తుగడ. పాట తాళము దెబ్బతోనే మొదలగునా, దెబ్బ పడిన తరువాత మొదలగునా? తరువాత మొదలయ్యే పాటను మొదటి దెబ్బమీద పెట్టి వ్రాసితే పాట పొడవునా గడులన్నియు తప్పుచునే ఉండును. ముందు ఖాళీ విరామము పెట్టి అప్పుడు స్వరము ఎక్కించవలెను.

స్వరములు ఎక్కించుట

మ్యూజ్‌స్కోర్‌లో కొత్త పేజీ తెరచి, ఒక్క గొంతుకు ఒక్క స్టాఫ్ పెట్టుకొని, మొదటి గడిని ఎంచుకొని ఎన్ అక్షరము నొక్కితే స్వరములు ఎక్కించే స్థితి వచ్చును. ఇక జ్ఞాపకముంచుకొనవలసినది కొంచెమే. అంకెలు కాలమును తెలుపును. 5 నొక్కితే ఒక అక్షర కాలము, 4 నొక్కితే అందులో సగము, 3 నొక్కితే పావు, 6 నొక్కితే రెండు అక్షరములు, 7 నొక్కితే నాలుగు. సున్న విరామము. చుక్క నొక్కితే కాలము ఒకటిన్నర రెట్లు అగును. ఏ నుండి జి వరకు అక్షరములు స్వరములు. ముందు కాలము, తరువాత స్వరము. ఈ క్రమము తప్పక పాటించవలెను.

ఒక చిన్న అభ్యాసము చేద్దాము. 'మా ఊరి పాట మాది' అను మాటలకు స రి గ గ, ప మ గా అను స్వరములు పెట్టుకొందాము. తాళము నాలుగు నాలుగు. ఎన్ నొక్కి, 5 నొక్కి, సి, డి, ఇ, ఇ అని కొట్టండి. ఒక గడి నిండినది. వెంటనే జి, ఎఫ్ కొట్టి, 6 నొక్కి ఇ కొట్టండి. చివరి గాంధారము రెండు అక్షరములు నిలుచును, రెండవ గడియు నిండినది. పొరపాటు పడితే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే వెనుకకు పోవును. స్వరము పై స్థాయికి పోవలసి ఉంటే కంట్రోల్‌తో పై బాణము, క్రింది స్థాయికైతే క్రింది బాణము. కంట్రోల్ లేకుండ బాణము ఒక్కటే నొక్కితే స్వరము ఒక మెట్టు మాత్రమే కదలును. మాయామాళవగౌళలో రిషభము, దైవతము కోమలము గనుక డి, ఎ కొట్టిన తరువాత క్రింది బాణము ఒకసారి నొక్కవలెను.

అంకెలు, అక్షరములు కొట్టుట అలవాటు లేనివారు సంఘములోని ఎలక్ట్రానిక్ కీబోర్డును యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి, కాలమును అంకెతో ఎంచుకొని, స్వరమును కీబోర్డు మెట్టుమీద నొక్కవచ్చును. పని త్వరగా సాగును. అయితే మన అబ్బాయిలు చాలమంది ట్రాన్స్‌పోజ్ బటన్ పెట్టుకొని వాయింతురు. దానిని సున్నకు తెచ్చిన తరువాతనే మొదలుపెట్టండి.

తెలుగు మాటలు

స్వరములు పూర్తియైన తరువాత మొదటి స్వరమును ఎంచుకొని కంట్రోల్, ఎల్ నొక్కితే దాని క్రింద మాట వ్రాసే చోటు వచ్చును. స్వరములకు ఇంగ్లీషు కీబోర్డు, మాటలకు తెలుగు కీబోర్డు ఉండవలెను. మాట ముగిస్తే ఖాళీ మీట, మాట నడుమ అక్షరము విడగొట్టవలసి ఉంటే అడ్డగీత. పై అభ్యాసములో 'మా' తరువాత ఖాళీ, 'ఊ' తరువాత అడ్డగీత, 'రి' తరువాత ఖాళీ, అట్లు చివరివరకు. ఒక్క అక్షరమును రెండు మూడు స్వరములమీద లాగితే అండర్‌స్కోర్ నొక్కుచు పోవలెను.

ఒత్తులు విడగొట్టకండి. 'క్రీస్తు' అను మాటకు 'క్రీ', 'స్తు' అని రెండే అక్షరములు. 'రక్షణ'కు 'ర', 'క్ష', 'ణ'. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాటలను తెచ్చి పెడితే చిందరవందరగా వచ్చును. యూనికోడ్ తెలుగులో తిరిగి కొట్టుటయే మేలు.

గీతలలో ఇమడనిది

ఇక్కడ ఒక నిజము చెప్పవలెను. మామ్మగారు గాంధారమునుండి పంచమమునకు జారే జారు, ఒక అక్షరమును కదలించి నిలిపే తీరు, ఊపిరి తీసికొనే చోటు, ఇవన్నియు అయిదు గీతలలో పట్టవు. జారుకు ఒక గీత, చిన్న స్వరములు, ముడి గీత పెట్టవచ్చును. అయినను మిగిలేది పాట ఎముకలే. అందుచేత కాగితము ఒక్కటే చాలదు. ఫోనులో తీసిన గొంతును ఆ పాట సంఖ్యతో, ఊరి పేరుతో, తేదీతో దాచి ఉంచండి. వ్రాసినది చూచి నేర్చుకొన్నవారు ఆ గొంతు విని సరిచేసికొందురు.

కంప్యూటరుకు పాడే గుణము కూడా ఉన్నది. ఖాళీ మీట నొక్కితే మీరు ఎక్కించిన స్వరములను వాయించి వినిపించును. ఆ వాయింపు కట్టెపేడు వలె బిర్రుగా ఉంటుంది గాని తప్పు పట్టుటకు చాల పనికి వచ్చును. పని పూర్తియైన తరువాత లాప్‌టాప్‌ను మామ్మగారి యొద్దకు తీసికొనిపోయి వినిపించండి. ఆమెకు స్టాఫ్ గీతలు తెలియనక్కరలేదు. ఎక్కడ తేడా ఉన్నదో ఆమె చెవికి తెలియును. ఆమె సరే అనిన తరువాతనే పాట పూర్తియైనదని ఎంచండి.

మేము ముఖ్యముగా చెప్పగోరేది ఇప్పుడు వచ్చుచున్నది. ఒకే కీర్తనను గుంటూరు ప్రాంతములో ఒక తీరుగా, విశాఖ ప్రాంతములో మరొక తీరుగా, ప్రక్క ఊరిలోనే ఇంకొక తీరుగా పాడుట మనకు తెలియును. స్వరములు అచ్చులోనికి రాగానే, 'ఇదే సరియైన రాగము, మీరు పాడేది తప్పు' అని కీబోర్డు వాయించేవారు పెద్దలను సరిదిద్దుటకు ఆరంభింపవచ్చును. ఇది మాకు నిజమైన భయము. అరువది యేండ్లు ఆరాధనలో పాడిన గొంతు ఒక కాగితము చూచి సిగ్గుపడి మౌనమైపోతే, రాగమును కాపాడుటకు చేసిన పనే రాగమునకు హాని చేసినట్లగును. వ్రాసిన స్వరము సాక్షి వంటిది, న్యాయాధిపతి కాదు. అందుచేత పేజీ పైన పాట పేరు, రచయిత పేరు, పుస్తకములోని రాగతాళములతో పాటు 'ఫలాని ఊరి సంఘములో పాడే తీరు' అని, వ్రాసిన సంవత్సరము తప్పక వేయండి. పాడినవారు ఒప్పుకొంటే వారి పేరును కూడా వేయండి. రెండు తీరులు దొరికితే రెండును వ్రాయండి. ఏది మేలైనదో తేల్చవలెనని తొందరపడకండి.

భద్రము చేయుట

కంప్యూటరులో పెట్టినది శాశ్వతమని నమ్మకూడదు. ఫినాలే అను పేరుగల సాఫ్ట్‌వేర్ 1988లో వచ్చి, మూడు దశాబ్దములకు పైగా సంగీతకారులు దానిలోనే వ్రాసిరి. 2024 ఆగస్టులో దాని తయారీదారులు ఇక దానిని కొనసాగింపమని ప్రకటించిరి. దానిలో మాత్రమే పాటలు దాచినవారు వాటిని వేరొక చోటికి మార్చుకొనుటకు పరుగులు తీయవలసి వచ్చెను. కాబట్టి ప్రతి పాటను మూడు రూపములుగా ఉంచండి. మ్యూజ్‌స్కోర్ సొంత ఫైలు ఒకటి. మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అను ఉమ్మడి రూపము ఒకటి, దీనిని వేర్వేరు సాఫ్ట్‌వేర్లు తెరువగలవు. పీడీఎఫ్ ఒకటి. ఈ మూడింటిని పెన్‌డ్రైవులో వేసి పాస్టరుగారి యొద్ద ఒకటి, వ్రాసినవారి యొద్ద ఒకటి ఉంచండి. కాగితముమీద కూడా ఒక ప్రతి తీసి సంఘ రిజిస్టర్లతో పాటు బీరువాలో పెట్టండి. కరెంటు లేకున్నను కాగితము చదువవచ్చును.

చట్టము సంగతి కూడా మరువకూడదు. మన దేశములో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరముల వరకు ఆయన రచనకు కాపీరైటు ఉండును. పురుషోత్తమ చౌదరిగారి వంటి పాత కవుల పాటలకు ఆ చిక్కు లేదు. నేడు జీవించి ఉన్నవారు కట్టిన పాటలను వ్రాసి పంచిపెట్టదలచితే వారి అనుమతి అడుగుట న్యాయము.

ఇదంతయు చదివి, ఇది పట్టణపు క్వయర్లు చేసికొనే పని, మనవల్ల ఏమగునని అనుకొనకండి. పట్టణపు క్వయర్లు పాడే ఇంగ్లీషు పాటల రాగములకు అచ్చు పుస్తకములు ఎన్నో ఉన్నవి. అవి పోవు. పోయేవి మీ పల్లెలో, మీ వీధిలో, వేకువ ఆరాధనలో పాడే రాగములే. వాటిని విన్నవారు మీరే, పాడేవారు మీ మధ్యనే ఉన్నారు. పిల్లలకు కూడా ఇందులో మేలు ఉన్నది. మామ్మగారి యెదుట కూర్చుండి ఒక్క చరణమును పదిసార్లు విని వ్రాసిన యౌవనస్థునికి ఆ పాట జన్మలో మరపునకు రాదు. మామ్మగారికి కూడా తన యొద్ద నేర్చుకొనవలసినది ఉన్నదని పిల్లలు వచ్చి అడిగిన సంతోషము దక్కును.

మొదటి పాటకు రెండు మూడు సాయంత్రములు పట్టినను విసుగుకొనకండి. చెయ్యి తిరిగిన తరువాత పని చులకనగును. ఈ నెలలో ఒక్క పాట, పల్లవి ఒక చరణము మాత్రమే ఎక్కించి చూడండి. మీ సంఘములో తక్కువమందికి వచ్చిన పాటనే ఎంచుకొనండి. అందరికీ వచ్చినది కొంతకాలము ఆగగలదు. ఒక్కరికే వచ్చినది ఆగలేదు.

వచ్చే సంచికలో చాపు తాళములలో ఉన్న పాటలను గడులుగా విభజించుట ఎట్లో వివరముగా చూద్దాము. అంతవరకు మీ ఊరి మామ్మగారిని ఒకసారి పలకరించి రండి.